రంగు మార్పు - లోహబంధం: యల్లాప్రగడ సుబ్బారావు ఫాస్ఫరస్ పద్ధతి నుంచి శోథనిరోధక ఔషధాల వర్ణపట అధ్యయనం వరకు

వ్యాససంగ్రహం

శోథనిరోధక ఔషధాలు లోహ అయాన్లతో ఏర్పరచే సంశ్లిష్టాలను వర్ణపటశాస్త్రం ద్వారా పరిశీలించడం నేటి విశ్వవిద్యాలయ రసాయనశాస్త్ర శాఖల్లో తరచుగా కనిపించే పరిశోధనాంశం. ఈ అధ్యయనానికి తెలుగువారితో సంబంధమున్న ఒక చరిత్ర ఉంది. 1925లో సైరస్ ఫిస్కే, యల్లాప్రగడ సుబ్బారావు రూపొందించిన ఫాస్ఫరస్ నిర్ధారణ పద్ధతి, 1948లో సుబ్బారావు పరిశోధనా నాయకత్వంలోని లెడర్లీ సంస్థ నుంచి వెలువడిన ఆరియోమైసిన్, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎదిగిన వర్ణపటశాస్త్ర పరంపర, హైదరాబాదు ఔషధ పరిశ్రమ ఆ చరిత్రలోని ప్రధాన ఘట్టాలు. వర్ణపటంలో కనిపించిన మార్పు తనంతట తాను నిర్ణయం కాదని, అది మరొక స్వతంత్ర సాక్ష్యాన్ని కోరే ప్రశ్న అని ఈ ఘట్టాల ఆధారంగా నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: వర్ణపటశాస్త్రం, లోహ అయాన్లు, శోథనిరోధక ఔషధాలు, సంశ్లిష్టాలు, యల్లాప్రగడ సుబ్బారావు, టెట్రాసైక్లిన్, ఆస్పిరిన్, రాగి.

1. ఉపోద్ఘాతం

ఆస్పిరిన్, ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఇండోమెథాసిన్ వంటి శోథనిరోధక ఔషధాలలో ఒక సామాన్య లక్షణం ఉంది. వీటి అణువులో కార్బాక్సిలిక్ ఆమ్ల సమూహం ఉంటుంది. ఆ సమూహం ప్రోటాన్‌ను కోల్పోయినప్పుడు ఏర్పడే కార్బాక్సిలేట్ లోని ఆక్సిజన్ పరమాణువులు రాగి, జింకు, ఇనుము, కోబాల్టు వంటి లోహ అయాన్లకు ఎలక్ట్రాన్ జంటలను ఇవ్వగలవు. శరీరంలో ఈ లోహాలు సహజంగానే ఉన్నాయి. కనుక మందు లోహంతో కలిస్తే దాని శోషణం, పంపిణీ, ప్రభావం మారుతాయా అన్న ప్రశ్న సహజం.

ఈ కలయిక కంటికి కనబడదు. కాంతిని శోషించడంలో, ప్రకంపనాల పౌనఃపున్యంలో, కేంద్రక అయస్కాంత అనునాదంలో వచ్చే మార్పుల ద్వారానే అది తెలుస్తుంది. ఆ మార్పును బంధానికి రుజువుగా ఎంతవరకు స్వీకరించవచ్చునన్నది ఈ రంగంలోని మౌలిక సమస్య. సమస్య కొత్తది కాదు. నూరేళ్ల క్రితం భీమవరంలో పుట్టిన ఒక వైద్యుడు హార్వర్డ్ ప్రయోగశాలలో దానినే ఎదుర్కొన్నాడు.

2. ఫిస్కే - సుబ్బారావు పద్ధతి

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. మద్రాసు వైద్య కళాశాలలో చదివి, ఆయుర్వేద కళాశాలలో కొంతకాలం బోధించి, 1923లో అమెరికాలోని బోస్టన్ చేరారు. హార్వర్డ్ వైద్య పాఠశాలలో జీవరసాయన శాస్త్రవేత్త సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన చేసిన తొలి ముఖ్యకృషి ఫాస్ఫరస్‌ను రంగు ద్వారా కొలిచే పద్ధతి. అది 1925లో ప్రచురితమైంది.

ఈ పద్ధతికి లోహరసాయనమే ఆధారం. ఆమ్లద్రావణంలో ఫాస్ఫేట్ అయాన్ మాలిబ్డేట్‌తో చర్య జరిపి ఫాస్ఫోమాలిబ్డేట్‌ను ఏర్పరుస్తుంది. తగిన క్షయకరణిని చేర్చినప్పుడు మాలిబ్డినం పాక్షికంగా క్షయకరణం చెంది గాఢమైన నీలిరంగు వస్తుంది. ఫిస్కే, సుబ్బారావు క్షయకరణిగా అమైనో నాఫ్తాల్ సల్ఫోనిక్ ఆమ్లాన్ని ఎంచుకున్నారు. నీలిరంగు తీవ్రత ఫాస్ఫేట్ పరిమాణానికి అనుపాతంలో ఉంటుంది. ఆనాడు ఆ తీవ్రతను పరిశోధకుడు తన కంటితోనే, తెలిసిన ప్రమాణ ద్రావణపు రంగుతో పోల్చి నిర్ణయించేవాడు. తరువాతి తరాలు అదే నీలాన్ని స్పెక్ట్రోఫోటోమీటరుపై, సాధారణంగా 660 నానోమీటర్ల వద్ద కొలిచాయి. పరికరం మారినా సూత్రం మారలేదు.

3. ఆలస్యంగా వచ్చిన నీలం

ఈ పద్ధతిని కండరపు సారానికి వర్తింపజేసినప్పుడు ఒక విపరీతం కనిపించింది. శుద్ధ ఫాస్ఫేట్ ద్రావణంలో రంగు వచ్చిన తీరుకూ, కండరపు సారంలో రంగు వచ్చిన తీరుకూ పొంతన లేదు. రెండవదానిలో నీలిరంగు వెంటనే పూర్తిగా రాక, సమయం గడిచేకొద్దీ పెరుగుతూ పోయింది. దీనిని పద్ధతిలోని లోపంగా భావించి, నిర్ణీత వ్యవధి తరువాత వచ్చిన అంకెను నమోదుచేసి ముందుకు సాగే అవకాశం వారికి ఉంది. వారు ఆ ఆలస్యానికి కారణాన్ని వెదికారు.

కండరంలో అస్థిరమైన ఒక ఫాస్ఫరస్ సమ్మేళనం ఉన్నదని, ఆమ్ల మాలిబ్డేట్ కారకంలో అది క్రమంగా విచ్ఛిన్నమై ఫాస్ఫేట్‌ను విడుదల చేస్తున్నదని తేలింది. ఆ సమ్మేళనమే ఫాస్ఫోక్రియాటిన్. 1927లో ఈ విషయం వెలువడింది. అదే కాలంలో ఇంగ్లండులో ఎగిల్‌టన్ దంపతులు కూడా ఈ పదార్థం ఉనికిని స్వతంత్రంగా గుర్తించారు. అంతవరకు కండరంలోని ‘నిరింద్రియ ఫాస్ఫేట్’గా లెక్కకు వచ్చినదానిలో గణనీయ భాగం నిజానికి సేంద్రియ సమ్మేళనంలో బంధితమై ఉన్నదని స్పష్టమైంది. 1929లో ఏటీపీ ఆవిష్కరణలోనూ జర్మనీకి చెందిన కార్ల్ లోమాన్‌తో పాటు ఫిస్కే, సుబ్బారావులకు స్థానం లభించింది.

ఈ ఘట్టంలో రెండు పద్ధతిపరమైన అంశాలున్నాయి. మొదటిది, కొలిచే కారకమే కొలవబడే పదార్థాన్ని మార్చింది. మాలిబ్డేట్ ఉన్న ఆమ్లద్రావణం ఫాస్ఫోక్రియాటిన్‌ను సాక్షిగా చూడలేదు, దానిని విడగొట్టింది. రెండవది, రంగు మార్పు ఒక్కదానితో వారు తృప్తిపడలేదు. ఆ పదార్థంలో క్రియాటిన్, ఫాస్ఫేట్ సమాన అణు నిష్పత్తిలో ఉన్నాయని, కండరాన్ని ఉత్తేజపరిస్తే అది తగ్గి విశ్రాంతిలో మళ్లీ పెరుగుతుందని చూపారు. అంటే రంగుతో లేచిన ప్రశ్నకు సమాధానం రసాయన విశ్లేషణ నుంచి, శరీరధర్మ ప్రయోగం నుంచి వచ్చింది.

4. లెడర్లీ, ఆరియోమైసిన్, లోహాకర్షణ

1940లో సుబ్బారావు లెడర్లీ ప్రయోగశాలలకు వెళ్లి, తరువాత అక్కడి పరిశోధనా విభాగానికి సారథ్యం వహించారు. ఫోలిక్ ఆమ్ల సంశ్లేషణ, దాని ప్రతిరోధకాలైన అమినాప్టెరిన్, మెథోట్రెక్సేట్ ఆ కాలపు ఫలితాలు. బాలల రక్తకాన్సరులో అమినాప్టెరిన్ కలిగించిన తాత్కాలిక ఉపశమనాన్ని సిడ్నీ ఫార్బర్ 1948లో ప్రకటించారు. 1951లో గబ్నర్, ఆయన సహచరులు అదే మందును రుమటాయిడ్ కీళ్లవాతంలో, సోరియాసిస్‌లో పరీక్షించారు. కాన్సరు మందుగా పుట్టిన ఈ వర్గానికి చెందిన మెథోట్రెక్సేట్‌ను, వారానికొకసారి ఇచ్చే స్వల్పమోతాదులో, 1988లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ కీళ్లవాత చికిత్సకు ఆమోదించింది. ఈ మందు పట్టుకునే ఎంజైము పనితీరును ప్రయోగశాలలో 340 నానోమీటర్ల వద్ద శోషణం తగ్గే వేగంతోనే కొలుస్తారు.

లోహ అయాన్ల విషయంలో మరింత ముఖ్యమైనది ఆరియోమైసిన్. లెడర్లీలో పనిచేసిన వృక్షశాస్త్రజ్ఞుడు బెంజమిన్ డగ్గర్ ఒక మట్టి నమూనాలోని సూక్ష్మజీవి నుంచి దీనిని కనుగొన్నారు. 1948లో అది లోకానికి తెలిసింది. అదే సంవత్సరం ఆగస్టులో సుబ్బారావు మరణించారు. ఆరియోమైసిన్‌తో మొదలైన టెట్రాసైక్లిన్ వర్గపు అణువులకు లోహ అయాన్ల పట్ల ఉన్న ఆకర్షణను 1953లో ఏడ్రియన్ ఆల్బర్ట్ వెల్లడించారు. అణువులోని 11వ కార్బన్‌పై కార్బొనిల్, 12వ కార్బన్‌పై హైడ్రాక్సిల్ సమూహాలు కలిసి కాల్షియం, మెగ్నీషియం, ఇనుము వంటి అయాన్లను పట్టుకోగలవు. అటువంటి బంధం ఏర్పడినప్పుడు 360 నానోమీటర్ల ప్రాంతంలోని శోషణ పట్టీ ఎక్కువ తరంగదైర్ఘ్యం వైపు జరుగుతుంది, కాల్షియం, మెగ్నీషియం విషయంలో ప్రతిదీప్తి పెరుగుతుంది.

పాలతో, ఆమ్లహర మాత్రలతో, ఇనుము మాత్రలతో టెట్రాసైక్లిన్‌ను కలిపి తీసుకోరాదన్న వైద్యసూచన వెనుక ఉన్నది ఈ బంధమే. పెరుగుతున్న ఎముకలో చేరిన టెట్రాసైక్లిన్ అతినీలలోహిత కాంతిలో పసుపురంగుతో మెరుస్తుంది. 1950ల చివరిలో తెలిసిన ఈ లక్షణాన్ని ఎముక పెరుగుదలను కొలవడానికి ఉపయోగించారు. ఔషధ - లోహ బంధం ఇక్కడ పరీక్షనాళికలో, రోగి మందుచీటీపై, ఎముకలో ఒకేసారి కనబడుతుంది.

5. లోహబంధమే శోథనిరోధమైన సందర్భం

సూక్ష్మజీవి నాశినిగా ప్రసిద్ధమైన ఈ వర్గం శోథ నిరోధంలోనూ పనిచేస్తుందని 1983లో లోర్న్ గోలబ్, ఆయన సహచరులు చూపారు. మధుమేహమున్న ఎలుకల చిగుళ్లలో కొలాజెన్‌ను విడగొట్టే ఎంజైము చర్యను మినోసైక్లిన్ తగ్గించింది. సూక్ష్మజీవులు లేని ఎలుకలలోనూ అదే ఫలితం రావడంతో, ఇది సూక్ష్మజీవులను చంపడం వల్ల కలిగిన ప్రభావం కాదని తేలింది.

కొలాజెన్‌ను విడగొట్టే ఈ ఎంజైములు జింకు, కాల్షియం అయాన్లపై ఆధారపడినవి. మందు ఆ లోహాలను పట్టుకోవడమే నిరోధానికి కారణమా? దీనికి సమాధానం వర్ణపటం ఒక్కటే ఇవ్వలేదు. అణువును రెండు విధాలుగా మార్చి చూశారు. డైమిథైల్ అమైనో సమూహాన్ని తొలగించినప్పుడు సూక్ష్మజీవి నాశక శక్తి పోయింది, ఎంజైము నిరోధశక్తి మిగిలింది. లోహాన్ని పట్టుకునే 11, 12 స్థానాలను మార్చినప్పుడు ఎంజైము నిరోధశక్తి కూడా పోయింది. ద్రావణంలో అదనంగా లోహ అయాన్లను చేర్చినప్పుడు నిరోధం తగ్గింది. ఈ సాక్ష్యాలన్నీ కలిసిన తరువాతే లోహబంధానికీ శోథ నిరోధానికీ ఉన్న సంబంధం నిలబడింది. 1998లో 20 మిల్లీగ్రాముల డాక్సీసైక్లిన్, సూక్ష్మజీవులను అణచలేని మోతాదులో, చిగుళ్ల వ్యాధి చికిత్సకు అమెరికాలో ఆమోదం పొందింది.

6. విశాఖపట్నం, హైదరాబాదు: రెండు పునాదులు

కాంతిని రసాయన సాక్ష్యంగా ఉపయోగించే విద్య తెలుగునేలపై ముందుగా భౌతికశాస్త్ర శాఖల్లో ఎదిగింది. 1928 ఫిబ్రవరి 28న కలకత్తాలో రామన్ ఫలితం వెలుగుచూసింది. రామన్ వద్ద పనిచేసిన సూరి భగవంతం ఆ విద్యను వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తెచ్చారు. టి. వెంకటరాయుడుతో కలిసి ఆయన రచించిన సమూహ సిద్ధాంత గ్రంథం అణు సౌష్ఠవం ఆధారంగా ఏ ప్రకంపనం పరారుణంలో కనబడుతుందో, ఏది రామన్ వర్ణపటంలో కనబడుతుందో నిర్ణయించే మార్గాన్ని విద్యార్థులకు అందించింది. అదే విశ్వవిద్యాలయంలో కె. రంగధామరావు వర్ణపటశాస్త్ర పరిశోధనకు బలమైన శిష్యపరంపరను నెలకొల్పారు. భగవంతం 1952 నుంచి 1957 వరకు ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షులుగా పనిచేశారు.

రెండవ పునాది ఔషధ పరిశ్రమ. 1944లో హైదరాబాదు సంస్థానంలో మొదలైన ప్రయోగశాల తరువాత ప్రాంతీయ పరిశోధనా ప్రయోగశాలగా, అనంతరం భారతీయ రసాయన సాంకేతిక సంస్థగా ఎదిగింది. 1961లో ఏర్పడిన ఐడీపీఎల్ తన సంశ్లేషిత ఔషధాల కర్మాగారాన్ని హైదరాబాదులో నెలకొల్పింది. అందులో పనిచేసిన కల్లం అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ ల్యాబొరేటరీస్‌ను స్థాపించారు. ఇబుప్రొఫెన్ వంటి శోథనిరోధక ఔషధాల ముడిసరుకు తయారీకి నగర పరిసరాలు కేంద్రమయ్యాయి. తయారైన ప్రతి ఔషధాన్ని గుర్తించడానికి, దాని శుద్ధతను నిర్ధారించడానికి పరారుణ, అతినీలలోహిత వర్ణపటాలు నిత్యావసరాలయ్యాయి. భౌతికశాస్త్రజ్ఞుడి పరికరం ఈ విధంగా ఔషధ రసాయనజ్ఞుడి బల్లపైకి చేరింది.

7. బంగారం, రాగి, ఇనుము

లోహాలతో శోథను చికిత్స చేయాలన్న ఆలోచన వర్ణపట అధ్యయనాలకంటే పాతది. బంగారు సయనైడ్ క్షయకారక సూక్ష్మజీవిని అడ్డగిస్తుందని 1890లో రాబర్ట్ కోఖ్ గమనించారు. కీళ్లవాతానికీ క్షయకూ సంబంధమున్నదన్న నమ్మకంతో ఫ్రెంచి వైద్యుడు జాక్ ఫోరెస్టియర్ బంగారు లవణాలను ప్రయోగించి, 1929లో ఫలితాలను ప్రకటించారు. నమ్మకం తప్పు, ఉపశమనం నిజం. నోటి ద్వారా తీసుకునే బంగారు సమ్మేళనం ఆరానోఫిన్ 1985లో అమెరికాలో ఆమోదం పొందింది.

రాగి కథ మరింత సంక్లిష్టం. ఆస్పిరిన్ వంటి మందుల రాగి సంశ్లిష్టాలు జంతు పరీక్షలలో మాతృ ఔషధాలకంటే ప్రభావవంతంగా ఉన్నాయని, శరీరంలో ఏర్పడే రాగి సంశ్లిష్టాలే అసలు క్రియాశీల రూపాలు కావచ్చునని 1976లో జాన్ సోరెన్సన్ ప్రతిపాదించారు. ఆ తరువాత ఇటువంటి సంశ్లిష్టాల తయారీ, వర్ణపట పరీక్ష ప్రపంచవ్యాప్తంగా విస్తరించింది. రాగి - ఇండోమెథాసిన్ ఆస్ట్రేలియాలో పశువైద్యంలో వాడుకలోకి వచ్చింది. కాని మానవ వైద్యంలో రాగి - ఆస్పిరిన్ వర్గం ప్రామాణిక చికిత్సగా స్థిరపడలేదు. ఘనరూపంలో ఉన్న సంశ్లిష్టం జఠరరసపు ఆమ్లతలో విడిపోయే అవకాశం ఉంది. రక్తంలో ఆల్బుమిన్ వంటి ప్రోటీన్లు లోహం కోసం మందుతో పోటీపడతాయి. సీసాలో ఉన్న అణువే కీలును చేరుతుందన్న హామీ లేదు.

ఇనుము విషయం కళాశాల విద్యార్థికి సుపరిచితం. సాలిసిలిక్ ఆమ్లానికి ఫెర్రిక్ లవణం చేర్చితే ఊదారంగు వస్తుంది. ఆస్పిరిన్‌లో ఫినాలిక్ హైడ్రాక్సిల్ ఎసిటైల్ సమూహంతో కప్పబడి ఉన్నందున శుద్ధ ఆస్పిరిన్ ఆ రంగు ఇవ్వదు. పాత మాత్ర ఊదారంగు ఇస్తే, ఆస్పిరిన్ ఇనుముతో కలిసిందని కాదు, తేమ వల్ల జలవిశ్లేషణ చెంది సాలిసిలిక్ ఆమ్లం ఏర్పడిందని అర్థం. రంగును బంధంగా చదివితే తప్పు, విచ్ఛిన్నంగా చదివితే ఒప్పు. ఫాస్ఫోక్రియాటిన్ కథలోని పాఠం ఇక్కడ మరో రూపంలో కనిపిస్తుంది.

8. వర్ణపటం చెప్పేది, చెప్పనిది

ద్రావణంలో లోహం, లైగాండ్ ఏ నిష్పత్తిలో కలుస్తాయో తెలుసుకునే నిరంతర మార్పు పద్ధతిని పాల్ జాబ్ 1928లో ప్రతిపాదించారు. ఇనుము - సాలిసిలేట్ వ్యవస్థకు ఈ పద్ధతిని వర్తింపజేస్తే తీవ్ర ఆమ్లతలో 1:1 నిష్పత్తి వస్తుంది. ఆమ్లత తగ్గేకొద్దీ 1:2, క్షారస్థితిలో 1:3 సంశ్లిష్టాలు ప్రధానమవుతాయి. ఊదారంగు ఎరుపు మీదుగా పసుపు వైపు మారుతుంది. పీహెచ్ విలువ పేర్కొనకుండా ఇచ్చిన నిష్పత్తికి అర్థం లేదు.

అతినీలలోహిత వర్ణపటానికి మరో పరిమితి ఉంది. ఇబుప్రొఫెన్‌లో కార్బాక్సిలేట్ సమూహం బెంజీన్ వలయంతో సంయుగ్మంగా లేదు. కనుక లోహం కలిసినా వలయపు శోషణలో మార్పు స్వల్పం. జింకు అయాన్‌లో డి-కక్ష్యలు పూర్తిగా నిండి ఉన్నందున దృశ్యకాంతిలో దానికి స్వంత పట్టీలు లేవు. ఈ రెండూ కలిసినప్పుడు వర్ణపటం మౌనంగా ఉండవచ్చు. ఆ మౌనం బంధం లేదనడానికి రుజువు కాదు.

పరారుణ వర్ణపటం ఈ లోటును కొంత తీరుస్తుంది. ఆమ్లరూపంలో 1700 సెం.మీ⁻¹ పైన కనిపించే కార్బొనిల్ పట్టీ, కార్బాక్సిలేట్‌గా మారినప్పుడు అదృశ్యమై రెండు పట్టీలకు తావిస్తుంది. అయితే సోడియం లవణంలోనూ ఇదే జరుగుతుంది. అందుచేత పట్టీ అదృశ్యం కావడం ప్రోటాన్ పోయిందని మాత్రమే చెబుతుంది, రాగి చేరిందని చెప్పదు. అసౌష్ఠవ, సౌష్ఠవ పట్టీల మధ్య దూరాన్ని సోడియం లవణంతో పోల్చి బంధరీతిని ఊహించే ప్రమాణాన్ని 1980లో డీకన్, ఫిలిప్స్ క్రోడీకరించారు. హైడ్రోజన్ బంధాలు ఉన్నప్పుడు ఆ పోలిక కూడా తడబడుతుంది.

సాక్ష్యాలు ఒకదానినొకటి ఎలా బలపరచాలో కాపర్ ఎసిటేట్ చూపింది. దాని అసాధారణ అయస్కాంత ప్రవర్తనను బట్టి రెండు రాగి అయాన్లు జంటగా ఉన్నాయని 1952లో బ్లీనీ, బవర్స్ సూచించారు. 1953లో స్ఫటిక నిర్మాణం ఆ జంటను నిర్ధారించింది. రాగి - ఆస్పిరిన్ సంశ్లిష్టం ఘనస్థితిలో ఇటువంటి జంట నిర్మాణాన్నే కలిగి ఉంటుంది. బలమైన ద్రావణిలో కరిగించినప్పుడు ఆ జంట విడిపోవచ్చు. ఘనపదార్థపు పరారుణ వర్ణపటాన్ని, ద్రావణపు దృశ్య వర్ణపటాన్ని ఒకే అణువుకు చెందినవిగా చదవడం ఈ రంగంలో సులభంగా దొర్లే పొరపాటు.

ఈ విచక్షణకు ఖరీదైన పరికరాలే అవసరమని భావించనక్కరలేదు. 2008లో మహబూబ్‌నగర్‌లో పాలమూరు విశ్వవిద్యాలయం ఏర్పడిన తరువాత, ఖిల్లా ఘణపూర్ వంటి మండలాల విద్యార్థులకు ఉన్నత విద్య దూరాభారం తగ్గింది. వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ ప్రాంతాలలోని డిగ్రీ తరగతి విద్యార్థి ఒక కాలరీమీటరు, ఫెర్రిక్ లవణం, సాలిసిలిక్ ఆమ్లం, పీహెచ్ నియంత్రణతో పై సూత్రాలన్నింటినీ పరీక్షించగలడు. లోహం మాత్రమే ఉన్న ద్రావణం, మందు మాత్రమే ఉన్న ద్రావణం, అదే పీహెచ్‌లో సోడియం లవణం: ఈ మూడు పోలికలు లేని ప్రయోగం ఎంత గొప్ప పరికరంపై జరిగినా అసంపూర్ణమే.

9. ముగింపు

పై చర్చ నుంచి తేలిన అంశాలు ఇవి. ఫాస్ఫరస్ పద్ధతిలో ఆలస్యమైన నీలిరంగు, టెట్రాసైక్లిన్‌లో జరిగిన శోషణ పట్టీ, పాత ఆస్పిరిన్ మాత్ర ఇచ్చే ఊదారంగు మూడూ లోహ అయాన్ సమక్షంలో కనిపించిన మార్పులే. మొదటిదానికి కారణం విచ్ఛిన్నం, రెండవదానికి బంధం, మూడవదానికి విచ్ఛిన్నం తరువాత ఏర్పడిన బంధం. మార్పు ఒకేలా కనిపించినా అర్థాలు వేరు. ఆ భేదాన్ని తేల్చినది నియంత్రణ ప్రయోగం, అణువు మార్పు, మరో స్వతంత్ర పద్ధతి.

ఔషధ - లోహ సంశ్లిష్టంపై వచ్చే సిద్ధాంత గ్రంథాలలో ‘మాతృ ఔషధంకంటే మెరుగైనది’ అన్న వాక్యం తరచుగా ముగింపుగా నిలుస్తుంది. పరీక్షనాళికలో బంధం నిరూపితం కావడం ఒక మెట్టు, శరీరద్రవాలలో అది నిలవడం రెండవ మెట్టు, రోగికి మేలు జరగడం మూడవ మెట్టు. రాగి - ఆస్పిరిన్ మొదటి మెట్టును సునాయాసంగా దాటి మూడవదాని వద్ద ఆగిపోయింది. తక్కువ మోతాదు డాక్సీసైక్లిన్ మూడింటినీ దాటడానికి 1983 నుంచి 1998 వరకు 15 సంవత్సరాలు పట్టింది. ఏ మెట్టుపై నిలబడి మాట్లాడుతున్నదీ స్పష్టంగా చెప్పిన సిద్ధాంత గ్రంథానికే తరువాతి పరిశోధకుడు ఆధారపడదగిన విలువ ఉంటుంది. నీలిరంగు ఆలస్యాన్ని లోపమని కొట్టివేయకుండా, విజయమని ప్రకటించకుండా, దాని కారణం తేలేవరకు వెంబడించిన సుబ్బారావు పద్ధతి ఈ రంగంలోని తెలుగు పరిశోధకులకు అందుబాటులో ఉన్న తొలి ప్రమాణం.